మూసి ఉంచిన ఎక్కం

నూట నాలుగో ఏడు, 199వ రోజు. ఉదయం.

ఖాళీల పట్టీ సరిచూశాను. బతికున్న మనుషులు ఐదువందల డెబ్బై ఒక్కరు. ఐదువేల లోపు ప్రధాన సంఖ్యలు ఆరువందల అరవై తొమ్మిది. మనిషికొకటి పోగా, ఎవరికీ ఇవ్వకుండా నా పట్టీలో ఉన్నవి తొంభై మూడు. పోయినవాళ్లవి, ఏడాది సంతాపంలో మూసినవి ఐదు. మొత్తం సరిపోయింది.

మూసిన ఐదింట్లో ఒకదాన్ని ఈ రోజు తెరవాలి. ఏడాది నిండింది. అది మా పైడితల్లిది, నా కూతురిది. తెరవడం పెద్ద తతంగమేమీ కాదు. పట్టీ రాసే మనిషి, అంటే నేను, ఆ సంఖ్యని ఖాళీల్లో రాసి, దాని ఎక్కం పది మెట్లూ పైకి చదవాలి. అంతవరకూ దాన్ని ఎవరూ పలకకూడదు, రాయకూడదు.

కళ్లజోడు మసకగా ఉంది. రేపు రాస్తాను.

203వ రోజు. మధ్యాహ్నం.

అల్లుడు గురువులు వచ్చాడు. పంపు గదుల్లో పని కాబట్టి చొక్కా నిండా మంచు నీళ్లే. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే నేల తడుస్తుందంటాడు, రాకపోతే నాకు మర్యాద తెలీదని ఊరంటుంది.

"ఏడాది అయిపోయింది అత్తా," అన్నాడు.

"నాకు రోజులు లెక్కెట్టడం నువ్వు నేర్పక్కర్లేదు."

"రాసీసావా?"

"రాసీసాను. ఎల్లి పని చూసుకో."

తల ఊపి వెళ్లిపోయాడు. ఏడాదిగా ఇంతే. నా కూతురు జ్వరంతో పోయిన రోజు కూడా ఇతను గట్టిగా ఏడవలేదు. పంపులు ఆగిపోతాయని మర్నాడే పనికెళ్లాడు. నాకు ఆ కోపం ఇంకా పోలేదు.

రాయలేదు. రేపు రాస్తాను.

207వ రోజు. ఉదయం.

పక్కింట్లో పసిపిల్లని జోకొడుతున్నారు. నాలుగు దెబ్బలు, ఒకటి, మూడు, మూడు. ఆ పిల్ల సంఖ్య 4133. మన ఊళ్లో పిల్లలకి మాట రాకముందే వీపు మీద వాళ్ల సంఖ్య పడుతుంది. నడక వచ్చేసరికి ఎక్కం వస్తుంది. ముసలితనంలో పేరు మర్చిపోయినవాళ్లు ఉన్నారు గానీ ఎక్కం మర్చిపోయినవాడిని నేను చూడలేదు.

పైడికి ఐదేళ్లప్పుడు రాత్రిళ్లు ఎక్కం అడిగేదాన్ని. మూడో మెట్టు దగ్గర ఆగిపోయేది. "అమ్మా, నిద్దరొత్తంది" అనేది. నాలుగో మెట్టు రాక కాదు, దొంగ నిద్ర.

చేతిలో కలం పట్టుకుని గంట కూర్చున్నాను. లేచి అంట్లు తోముకున్నాను.

211వ రోజు. ఉదయం 8:40.

ఆరో పంపు గది తలుపు పడింది. పైన మంచు బిగిసి గొట్టం పగిలిందట. గాలి ఒత్తిడి మారితే ఆ ఇనప తలుపు దానంతట అదే పడుతుంది. లోపల ఒక్కడే ఉన్నాడు. గురువులు.

తలుపు మీద పళ్లచక్రాలు తిరిగి కొత్త అంకె చూపించాయి: 2,38,94,903. అదే అంకె లోపలి వైపు కూడా కనిపిస్తుంది. తెరిచే పిడులు మాత్రం బయటే ఉన్నాయి. చిన్న పిడికి నాలుగు అంకెలు, పెద్ద పిడికి ఐదు. రెండిట్లో పెట్టిన సంఖ్యల్ని హెచ్చిస్తే తలుపు మీది అంకె రావాలి. తప్పు పెడితే పిడులు గంటసేపు బిగుసుకుంటాయి.

మన తాతలు కావాలనే ఇలా కట్టారు. కంగారులో ఒక్కడు తెరిచేసి ఊరి గాలంతా పోగొట్టకూడదు. ఊరంతా కూడితేనే తెరుచుకోవాలి. ఆలోచించే యంత్రాలు పిడుగుకి మాడిపోయాక కూడా ఈ తలుపులు పనిచేస్తున్నాయంటే అందుకే.

పెద్దాయన అసిరయ్య గంట కొట్టించాడు. గదిలో గాలి మధ్యాహ్నం రెండున్నర దాకా వస్తుందని పంపులవాళ్ల అంచనా. కంగారేమీ లేదు. ఇంతకు ముందు పదిహేను సార్లు తలుపులు పడ్డాయి. ఏనాడూ ముప్పావుగంట మించలేదు.

9:30.

అందరూ పలకలతో నడవలో కూర్చున్నారు. ఎవరి సంఖ్యతో వాళ్లు భాగించారు. ఏడు గలావిడ ఒక్క చూపులో "శేషం నాలుగు" అంది. పదమూడు గలాయన "ఆరు" అన్నాడు. అసిరయ్యది 83, శేషం 33. నాకు మిగిలిన శేషం 774. గురువులు సంఖ్య 1999తో వాళ్ల అక్క భాగించింది, శేషం 856. చిన్న సంఖ్యల వాళ్ల పని త్వరగా తెములుతుంది కాబట్టి నా ఖాళీలు తొంభై మూడూ వాళ్లకి పంచాను.

ఒక్కొక్కరూ వచ్చి శేషం చెబుతుంటే రాసుకున్నాను. ఆఖరి మనిషి కూడా చెప్పేశాడు.

సున్నా రాలేదు.

లోపలి నుంచి గురువులు తడుతున్నాడు. మూడు దెబ్బలు, ఆపి మూడు దెబ్బలు. బాగానే ఉన్నానని.

10:15.

ఇలా ఎప్పుడూ జరగలేదు. తలుపు అంకె ఐదువేల లోపు ఏదో ఒక ప్రధాన సంఖ్యకి లొంగి తీరాలి. దాని వర్గమూలమే ఐదువేలు దాటదు. లొంగలేదంటే ఎవరో తప్పు చేశారు.

"తొమ్మిదులు తీసి సూడండి," అన్నాడు అసిరయ్య.

తలుపు అంకెలో అంకెలన్నీ కలిపితే ముప్పై ఎనిమిది. మళ్లీ కలిపితే పదకొండు, మళ్లీ కలిపితే రెండు. భాగించిన సంఖ్యనీ వచ్చినదాన్నీ హెచ్చించి శేషం కలిపినా చివరికి రెండే తేలాలి. పలకలన్నీ తిరగేస్తున్నాం. చేతులు చల్లబడిపోతున్నాయి, పలక మీద సుద్ద పట్టడం లేదు.

11:20.

పలకల్లో తప్పులు మూడు దొరికాయి. మూడూ మళ్లీ చేయించాం. మూడింటికీ శేషం మిగిలింది. తప్పు చేసిన ఒకాయన ఏడుస్తున్నాడు. నేను ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. ఊరి ప్రాణం మీద కూర్చుని కునుకు తీస్తావా అన్నాను.

గురువులు దెబ్బలు తగ్గాయి. పావుగంటకి ఒకసారి వినిపిస్తున్నాయి. కదలకుండా కూర్చుని గాలి పొదుపు చేసుకుంటున్నాడని పంపులవాళ్లు అంటున్నారు. వాళ్ల మొహాలు మాత్రం అలా అనడం లేదు.

11:50.

అసిరయ్య నా పక్కన కూర్చున్నాడు. నెమ్మదిగా అడిగాడు.

"కొండమ్మా, మూసినవి ఐదున్నాయి కదా?"

"ఉన్నాయి."

"ఇళ్లోళ్లని అడుగుదాం. సంతాపంలో ఉన్న ఎక్కం తియ్యడం మంచిది కాదు. గానీ బతికున్నోడు లోపలున్నాడు. వాళ్లే ఎవరికీ వినపడకుండా భాగిస్తే ఫర్వాలేదు."

నాలుగు ఇళ్లవాళ్లూ ఒప్పుకున్నారు. తలో మూలకి వెళ్లి గోడ వైపు తిరిగి చేశారు. ఒకావిడ తన మొగుడి ఎక్కం గొణుక్కుంటూ సగంలో పలక కింద పెట్టేసింది. మళ్లీ తీసుకుని పూర్తి చేసింది. నలుగురికీ శేషం మిగిలింది.

ఐదోది నాది. నేనూ మూలకి వెళ్లాను. చేశాను. శేషం 1204.

నా పలక ఎవరూ తొమ్మిదులు తీసి చూడలేదు. పట్టీ రాసేదాన్ని ఎవరడుగుతారు?

12:30.

అన్నీ అయిపోయాయి. ఆరువందల అరవై తొమ్మిది. తలుపే చెడిపోయి ఉంటుందని పంపులవాళ్లు. ఇనుము కోద్దామంటే రెండు రోజుల పని, పైగా ఊరి గాలి పోతుంది. అసిరయ్య వద్దన్నాడు. ఆయన అలా అన్నాక ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు.

గురువులు అక్క తలుపుకి చెవి ఆనించి కూర్చుంది. ఆమె దగ్గరకి వెళ్లలేకపోయాను.

1:25.

లోపల మళ్లీ తడుతున్నాడు. ఇప్పుడు మూడు మూడు కాదు. వేరే వరస. నాలుగు గుంపులు.

నడవలో వినగానే తెలిసింది నాకు. తెలిసినవాళ్లందరూ తలలు దించారు. పోయేముందు మనిషి తనకన్నా ముందు పోయినవాళ్ల సంఖ్యని తడతాడు. అది మన ఆనవాయితీ. అది వినపడ్డాక బయటివాళ్లు అతని సంఖ్యని తట్టి సాగనంపాలి.

అతను నా కూతుర్ని పిలుస్తున్నాడు.

అందరూ చేతులు తలుపు మీద పెట్టారు. 1999 మొదలైంది. ఒక దెబ్బ, తొమ్మిది, తొమ్మిది, తొమ్మిది. ఐదువందల మంది.

212వ రోజు. సాయంత్రం.

నిన్న మధ్యాహ్నం కలం కింద పడేసి లేచాను. ఆ తర్వాత జరిగింది ఇప్పుడు రాస్తున్నాను. పట్టీ పుస్తకంలో అబద్ధం ఉండకూడదు. ఉంది. అది ముందు రాస్తాను.

నిన్న 11:50కి శేషం 1204 అని రాశాను. నేను భాగించలేదు. మూలకి వెళ్లి, గోడ వైపు తిరిగి, ఎక్కం మొదలుపెట్టాను. ఒకటో మెట్టు, రెండో మెట్టు. మూడో మెట్టు దగ్గర నోరు ఆగిపోయింది. "అమ్మా, నిద్దరొత్తంది" అన్నది వినపడింది. ఆరువందల అరవై తొమ్మిదిలో ఒకటి, అదే ఎందుకవుతుందిలే అనుకున్నాను. తప్పు ఇంకెవరో చేసి ఉంటారనుకున్నాను. తోచిన అంకె రాసి లేచాను. తప్పు చేసినాయన్ని తిట్టిన నోటితోనే అసిరయ్యకి ఆ అంకె చెప్పాను.

అందుకే ఆ వరస వినపడగానే అందరూ సాగనంపడానికి లేచారు. ఆ సంఖ్య ప్రయత్నించేశామని ఊరంతా నమ్మింది. ఇక అతను దాన్ని తట్టడానికి చావు తప్ప కారణం లేదు.

నేనూ నమ్మాను. నా అబద్ధాన్ని నేనే నమ్మాను. నా చెయ్యి కూడా తలుపు మీదే ఉంది, 1999 కొడుతోంది. ఏడాది తర్వాత పిలిచావురా దాన్ని, ఇప్పటికి గుర్తొచ్చిందా అని ఏడుపుతోపాటు కోపం కూడా వచ్చింది.

ఆ కోపమే నన్ను నిలబెట్టింది. గురువులు పిలిచే మనిషి కాదు. జ్వరంతో ఉన్న పెళ్లాం పక్కన కూర్చుని కూడా గొట్టాల మరలు తుడుచుకున్నవాడు. అలాంటివాడు ఊరంతా వినేలా ఇనుము మీద కొట్టుకుంటూ పెళ్లాన్ని పిలుస్తాడా? నేను చెవి తలుపుకి ఆనించాను. ఇంతమంది చేతుల మోతలో ఏమీ తెలియడం లేదు. అయినా ఆ నాలుగు గుంపుల తర్వాత ఇంకేదో ఉంది.

"ఆపండి!" అని అరిచాను.

ఎవరూ ఆపలేదు. సాగనంపేటప్పుడు మధ్యలో ఆపడం మంచిది కాదు కదా. అసిరయ్య నా భుజం పట్టుకున్నాడు.

"కొండమ్మా, ఓర్సుకో. అతన్ని ఎల్లనీ."

"ఆపమను మామా! అతను పిలవట్లేదు. సెబుతున్నాడు!"

ఆయన చెయ్యెత్తాడు. మోత ఆగిపోయింది.

లోపల చాలాసేపు ఏమీ లేదు. తర్వాత మొదలైంది. మా పైడి వరస, నాలుగు గుంపులు. ఆగాడు. తర్వాత ఒకటి. ఒకటి. రెండు. ఒకటి. చివరి గుంపు రెండు దెబ్బలు వినిపించింది, మూడోది పడిందో లేదో తెలియలేదు.

"గాలి సాలక ఏదో కొడతన్నాడు. ఐదు అంకెల సంఖ్య ఎవురికుంది మన ఊళ్లో?" అన్నారు వెనక నుంచి.

ఎవరికీ లేదు. పెద్ద పిడికి ఉంది.

చిన్న పిడికి నాలుగు, పెద్ద పిడికి ఐదు. అతను లోపల కూర్చుని ఊరు చేయాల్సిన భాగహారం ఒక్కడూ చేశాడు. పలక కోసం వెతికితే కనపడలేదు. గురువులు అక్క తన పలక నా ఒళ్లో పెట్టింది. సుద్ద పట్టుకున్నాను. ఇప్పుడు ఆ సంఖ్య రాయాలి. ఏడాదీ పన్నెండు రోజుల తర్వాత, అందరి ముందూ, నా చేత్తో.

రాశాను. 2131.

నా వెనక ఎవరో ఊపిరి గట్టిగా తీసుకున్నారు. నేను వెనక్కి తిరగలేదు.

దాని పక్కన గుణకారం గుర్తు. దాని పక్కన 1121. చివరి అంకె రెండా, మూడా? తప్పు పెడితే గంట బిగుసుకుపోతుంది. అప్పటికి టైం 1:50. గంట అతని దగ్గర లేదు.

కానీ ఆ అంకె చెవితో తేల్చాల్సిన పని కాదు. తలుపు అంకె చివర మూడుంది. పైడి సంఖ్య చివర ఒకటుంది. ఒకటిని దేనితో హెచ్చిస్తే చివర మూడొస్తుంది? మూడుతోనే. అతను మూడు కొట్టాడు. మూడో దెబ్బకి చేతిలో బలం లేదంతే.

11213. రెండువేలతో హెచ్చిస్తే రెండు కోట్ల ఇరవై నాలుగు లక్షల ఇరవై ఆరు వేలు. నూట ముప్పై ఒకటితో హెచ్చిస్తే పద్నాలుగు లక్షల అరవై ఎనిమిది వేల తొమ్మిదివందల మూడు. కలిపాను. సుద్ద విరిగింది. విరిగిన ముక్కతో మొత్తం రాశాను.

2,38,94,903.

"పెట్టండి," అన్నాను. "చిన్నదాంట్లో రెండు, ఒకటి, మూడు, ఒకటి."

ఆ నాలుగు అంకెలూ నా నోటి నుంచి వచ్చాయి. ఏమీ కూలిపోలేదు.

చక్రాలు తిరిగాయి. తలుపు మనిషి పట్టేంత లేచి, ఆగి, పూర్తిగా లేచింది.

గురువులు నేల మీద పడి ఉన్నాడు. చేతిలో పెద్ద మర తిప్పే పానా, గోడ నిండా మేకుతో గీసిన భాగహారం. ముక్కూ పెదాలూ నీలంగా ఉన్నాయి. వాళ్లక్కా, పంపులవాళ్లూ లాగి నడవలో పడుకోబెట్టారు. దుప్పట్లు కప్పి, అరికాళ్లు రుద్దారు. అరగంటకి కళ్లు తెరిచాడు. ముందు అక్కని చూశాడు. తర్వాత నన్ను.

నేను పక్కన కూర్చున్నాను. అతనే మొదలుపెట్టాడు. ఒక్కో మాటకి ఊపిరి తీసుకుంటూ.

"నాది సేసాను. తర్వాత దానిది సెయ్యక్కర్నేదనుకున్నాను. పట్టీలో రాసీసానన్నావు కదా, ఎవురో సేత్తారులే అని ఊరుకున్నాను. మధ్యాన్నమైనా తలుపు లెగనేదు. వేరే ఎక్కాలు నాకు రావు. దానిది ఒక్కటీ వచ్చు. ఊరికే, టైం గడవడానికి మొదలెట్టాను." దుప్పటి పైకి లాక్కున్నాడు. "సున్నా వచ్చినాక తెలిసింది అత్తా. నువ్వు రాయనేదని."

తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నేను అతని చెయ్యి పట్టుకుని అందరి ముందూ ఏడ్చాను. నా అల్లుణ్ణి నేనే పొట్టన పెట్టుకోబోయాను అని పైకే అన్నాను. అతను చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"దాని ఎక్కం నీకెలగొచ్చు?" అన్నాను చివరికి. మన ఊళ్లో మొగుడికి పెళ్లాం ఎక్కం రావాలని లేదు.

"జ్వరంలో నిద్దర పట్టీది కాదు కదా దానికి. అది ఎక్కం గొణుగుతా ఉంటే వీపు మీద కొట్టీవోణ్ణి. మరలు తుడుస్తా, రెండో సేత్తో."

ఏడాదిపాటు ఆ మరలు మాత్రమే చూశాను నేను.

ఈ ఉదయం అసిరయ్య ఇంటికి వచ్చాడు. శేషం అబద్ధం చెప్పినవాళ్ల చేతిలో పట్టీ ఉండకూడదు. ఆ నియమం నాకు తెలుసు, రాసిందే మా అమ్మమ్మ.

"పుస్తకం ఇచ్చీ కొండమ్మా," అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

"ఒక్క నమోదు మిగిలింది మామా. అది నేనే చెయ్యాలి."

సాయంత్రం దాకా గడువిచ్చాడు. రేపటి నుంచి ఈ పుస్తకం గురువులు అక్క రాస్తుంది. ఆమె చేతిరాత నాకన్నా బాగుంటుంది.

ఇప్పుడు గురువులు మా ఇంట్లో, నా మంచం మీద, రెండు దుప్పట్ల కింద ఉన్నాడు. నేల తడిసినా ఫర్వాలేదని చెప్పి లోపలికి రప్పించాను. నిద్రపోతున్నాడనుకున్నాను గానీ కళ్లు తెరిచే ఉన్నాయి.

ఖాళీల పట్టీ. తొంభై నాలుగో వరస: 2131. ఇంతకు ముందు పైడితల్లిది. ఖాళీ.

పైకి చదివాను. రెండువేల నూట ముప్పై ఒకటి. నాలుగువేల రెండువందల అరవై రెండు. ఆరువేల మూడువందల తొంభై మూడు. అక్కడ ఆగాను. గురువులు నాలుగో మెట్టు అందివ్వలేదు, నా వైపే చూస్తూ ఉన్నాడు.

ఎనిమిదివేల ఐదువందల ఇరవై నాలుగు. పదివేల ఆరువందల యాభై ఐదు. పన్నెండువేల ఏడువందల ఎనభై ఆరు. పద్నాలుగువేల తొమ్మిదివందల పదిహేడు. పదిహేడువేల నలభై ఎనిమిది. పంతొమ్మిదివేల నూట డెబ్బై తొమ్మిది. ఇరవై ఒక్కవేల మూడువందల పది.